ముహూర్తం ముక్క

నేను ఒక శాంపిల్ ముక్కను. నేల మీద ఏం వేయించుకోవాలా అని మీరు షాపుకి వెళితే, ఇనప రింగుకి గుచ్చి తాళంచెవుల గుత్తిలా బల్ల మీద పడేస్తారే, ఆ గుత్తిలో ఒకదాన్ని. జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు, నెత్తిన రింగు కోసం ఒక బెజ్జం. వెనకాల చీటీ మీద నా పేరు: బర్మా టేకు.

బర్మా నేను చూడలేదు. టేకుకీ నాకూ ఉన్న చుట్టరికం మనిషికీ అతని ఫొటోకీ ఉన్నంతే. ఒక ఫ్యాక్టరీలో రాతిపొడినీ ప్లాస్టిక్‌నీ కలిపి, వేడిచేసి, అప్పడంలా ఒత్తి, పైన టేకు చెక్క ఫొటో అంటించి, ఆ ఫొటో అరిగిపోకుండా అద్దంలాంటి పొర ఒకటి పరిచారు. మా జాతిని వినైల్ పలకలంటారు. ఫొటో తీసిన ఆ చెట్టు ఎక్కడిదో, తీసేముందు దాన్ని అడిగారో లేదో నాకు తెలియదు. నా కుడి పక్కన పుట్టుమచ్చలాంటి ముడి ఒకటుంది. కొన్నాళ్ళు దాన్ని చూసుకుని మురిసిపోయాను. తర్వాత తెలిసింది, నాతో పుట్టిన పలకల్లో సగానికి సగం అదే పుట్టుమచ్చతో పుట్టాయని. మనుషులు మాత్రం ఆ ముడి మీద వేలు పెట్టి, "చూశారా, అసలు చెక్కంటే ఇలా ఉండాలి" అంటారు.

కాకినాడలో ఒక షాపు బల్ల మీద నా బాల్యం గడిచింది. అక్కడికొచ్చిన ప్రతి మనిషీ నన్ను గోరుతో గీకాడు. గోరు చాలనివాళ్ళు తాళంచెవితో గీకారు. ఒకావిడ నా మీద టీ ఒలకబోసి, మరక పడుతుందేమోనని టీ చల్లారేదాకా కూర్చుంది. ఒక మామగారు అగ్గిపుల్ల గీసి అంటించబోయారు. ఇంకొకాయన కొరికాడు. ఎందుకు కొరికాడో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. పెళ్ళికొడుక్కి కూడా ఎవరూ ఇన్ని పరీక్షలు పెట్టరు. అన్నింటిలోనూ నేను నెగ్గాక, "బావుందండీ" అని నన్ను బల్ల మీద పెట్టి, వెళ్ళి పాలరాయి కొనుక్కునేవాళ్ళు.

ఆ గుత్తి నుంచి నన్ను విడిపించినవాడు ధనరాజు. ఇళ్ళలో వినైల్ పలకలు పరచడం అతని పని. ఊళ్ళు తిరుగుతూ గుత్తంతా మోయడం బరువని, ఎక్కువమంది మెచ్చుకునేది ఏదో షాపువాణ్ణి అడిగి, నన్నొక్కదాన్నే ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. విడుదలైందని సంబరపడ్డాను. కానీ ధనరాజు నాతో డబ్బాల మూతలు తీశాడు, ఎండిన గమ్ము గీకాడు, కొట్టుకుంటున్న తలుపు సందులో దూర్చాడు, నేల మీద ఒంగి పనిచేసేటప్పుడు మోకాలి కింద వేసుకున్నాడు. అతని చేతిలో నేను చెయ్యని పని ఒక్కటే, నేలగా ఉండటం. నా అన్నదమ్ములందరూ ఇళ్ళలో హాయిగా పడుకుని ఉండగా నేను మాత్రం వాళ్ళ కోసం మూతలు తీస్తూ బతికాను. ఎప్పటికైనా ఏదో ఒక ఇంట్లో, ఏదో ఒక మూల నేల కావాలన్నది నా కోరిక. కోరికలు తీరితే ఏమవుతుందో అప్పటికి నాకు తెలియదు.

ధనరాజు మంచి పనివాడే. ఆ సంగతి అందరికంటే ముందు తనే చెబుతాడు.

"పై పలకదేముందండీ, ఫొటో. పనంతా కింద నేలదండి. కింద సుఖంగా లేకపోతే పైన ఎంత సోకు చేసినా నాల్రోజులేనండి, ఆయ్."

అందుకని పాత నేలను పట్టుకుని వైద్యుడిలా పరీక్షలు చేసేవాడు. రసమట్టం పెట్టి ఎత్తుపల్లాలు చూసేవాడు. ఎత్తుగా ఉన్నచోట గ్రైండరుతో అరగదీసి, పల్లమైన చోట లెవెలింగ్ పౌడరు కలిపి పోసేవాడు. సుత్తి పిడితో ఒక్కో బిళ్ళనూ తట్టి, చెవి వంచి వినేవాడు. 'టప్' అంటే గట్టి. 'టక్' అంటే గుల్ల. గుల్ల దొరికితే పగలగొట్టి, సిమెంటు నింపాల్సిందే. చివర్న ఒక ప్లాస్టిక్ కాగితాన్ని నేలకు నాలుగువైపులా టేపుతో అంటించి వెళ్ళి, మర్నాడు వచ్చి చూసేవాడు. కాగితం లోపల చెమ్మ పట్టకపోతే నేల ఆరినట్టు. ఇన్ని తెలిసినవాడికి ఒక్క బలహీనత ఉంది. చేతిలో పళ్ళెం పెట్టినవాళ్ళకి కాదని చెప్పలేడు.

ఈ బలహీనతే నా జీవితాన్ని మార్చింది. మండపేటలో.

అక్కడ బులిరెడ్డి గారి మేడ మీద గది ఒకటి సుభాషిణి అద్దెకు తీసుకుంది. ఆవిడ కూచిపూడి నేర్పే టీచరు. అది ఆవిడకి మూడో చోటు. మొదటి చోట కింద పళ్ళ డాక్టరు ఉండేవాడు. పైన పిల్లలు అడుగులేస్తుంటే పన్ను పీకే చెయ్యి అదురుతోందన్నాడు. రెండో చోట కింద గాజుల కొట్టు. అలమారాల్లో గాజులు వాటంతటవే మోగుతున్నాయని కొట్టువాళ్ళు దండం పెట్టారు. ఈ మూడోది కూడా పోతే క్లాసు మూసెయ్యడమే. పిల్లల తల్లులు అప్పటికే గుమ్మం దగ్గర నిలబడి అబాకస్ క్లాసుల గురించి మాట్లాడుకుంటున్నారు.

బులిరెడ్డి గారు రైసు మిల్లులో జీవితమంతా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఆయన తన షరతు ధనరాజు ముందరే పెట్టారు కనుక జేబులోంచి నేనూ విన్నాను.

"చూడమ్మా, మిల్లు హోరులో నా పేరు పెట్టి పిలిచినా నాకు వినపడేది కాదు. ఇన్నాళ్ళకి ఈ చెవులకి రిటైర్మెంటిచ్చాను. విజయదశమి నాడు భోంచేసి నా మంచం మీద పడుకుంటాను. నీ పిల్లల్ని పైన ఆడించు. ఒక్క చప్పుడు నాకు వినపడకపోతే మేడ నీది. వినపడిందో, మర్నాడు నీ గజ్జెలు నువ్వు పట్టుకెళ్ళు, నా మేడ నాకుంచెయ్."

"అలాగేనండీ బాబాయ్ గారూ" అంది సుభాషిణి. మెడలో పుస్తెలతాడు వేలికి చుట్టుకుని విప్పుతోంది.

"మీరేం బెంగెట్టుకోకండి టీచరమ్మా" అన్నాడు ధనరాజు నన్ను జేబులోంచి తీసి గాల్లో ఊపుతూ. "కింద మెత్తటి ఫోమ్ షీటు, దాని మీద ఈ పలకలు. ఏనుగు గంతేసినా రెడ్డిగారికి దోమ వాలినట్టుంటదండి."

"నాకు దోమ వాలినా మెలకువొస్తదయ్యా" అన్నారు బులిరెడ్డి గారు. నన్ను అందుకుని గోరుతో గీకి చూసి తిరిగిచ్చారు.

నిశ్శబ్దం మీద ఆయనకెంత భక్తంటే, ఆయన భార్య మంగాయమ్మ గారు మిక్సీ పట్టుకుని పెరట్లో జామచెట్టు దాకా వెళ్ళి పచ్చడి చేసుకొచ్చేవారు. కుక్కరు కూత వెయ్యబోతే పరుగెత్తుకెళ్ళి గరిటెతో దాని నెత్తి మీద నొక్కేవారు. మేడ మీదకి డాన్సు వస్తోందంటే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. పైకి మాత్రం, "నాకెందుకమ్మా, ఆయనిష్టం" అనేవారు.

ధనరాజు పని మొదలుపెట్టాడు. మేడ మీద పాత మొజాయిక్ బిళ్ళల నేల. మహాలయ అమావాస్య లోపల నేలంతా తట్టాడు, గుల్లలు పగలగొట్టాడు, నింపాడు, మట్టం చేశాడు. ఒక్క ఈశాన్యం మూల మిగిలింది. అక్కడ గోనెసంచి పరిచి, దాని మీద మంగాయమ్మ గారు ఆవకాయ జాడీలు పెట్టుకున్నారు.

"జాడీలు పక్కన పెడతానండి" అన్నాడు ధనరాజు.

"అమ్మో! పితృపక్షంలో జాడీ కదిపితే ఊరగాయ బూజు పడుతుంది నాయనా. పాడ్యమి రానీ, నేనే తీసేస్తాను. ముందు ఈ గారె తిను."

గారె తిన్నాడు. మూల వదిలేశాడు.

అమావాస్య నాడు నేల మధ్యలో ప్లాస్టిక్ కాగితం అంటించి వెళ్ళాడు. మర్నాడు పాడ్యమి, నవరాత్రులు మొదలు. పలకలు పరచడానికి మంగాయమ్మ గారు పంచాంగం చూసి ఆ ఉదయమే ముహూర్తం పెట్టారు. ధనరాజు నన్ను జేబులో వేసుకుని మెట్లెక్కి గుమ్మంలో నిలబడ్డాడు. నిలబడి, అలాగే గుమ్మంలో కూలబడ్డాడు.

నేలంతా మిలమిల మెరుస్తోంది. పసుపు నీళ్ళు కాలవలు కట్టి ప్రవహిస్తున్నాయి. మంగాయమ్మ గారు చీర కుచ్చెళ్ళు ఎగదోపి, ఆఖరి బిందె గుమ్మరించి, చీపురుతో అలికినట్టు తోస్తున్నారు.

"అమ్మా! ఏంటండీ ఇది?"

"అమావాస్య వెళ్ళిన మర్నాడు ఇల్లు కడగరూ? అమ్మవారొచ్చే రోజు. అందులోనూ కొత్త నేల వేస్తున్నావు. మురికి నేల మీద వేస్తావా, అప్రదిష్ట కాదూ?"

"నా ప్లాస్టిక్ కాగితం ఏదండీ?"

"ఆ చెత్తా? నువ్వే మర్చిపోయి వెళ్ళావనుకుని పీకి పారేశాను. టేపు మరక పోవడానికి ఎంత తోమానో తెలుసా?"

ధనరాజు నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. అప్పుడే వచ్చిన సుభాషిణి చెప్పులు విప్పకుండానే ఆగిపోయింది.

"తడి మీద వేస్తే ఏమవుతుంది ధనరాజూ?"

"తడంతా కిందే ఉండిపోద్దండి. బూజండి, వాసనండి. మెల్లిగా అంచులు లేస్తాయండి. ఇది ఆరాలంటే ఈ వానల్లో నాలుగైదు రోజులు ఫ్యాన్లెయ్యాలి."

"అయితే ముహూర్తం?" అన్నారు మంగాయమ్మ గారు. కడిగిన మనిషికి కడిగిన నేల వల్ల ముహూర్తం పోతుందని అప్పుడే తట్టింది. ఆవిడ మొహం చూస్తే ధనరాజుకే జాలేసింది. "ఇది దాటితే దశమి దాకా మంచిది లేదు. అశుభం మీద మొదలుపెడితే ఈ మేడ కూడా ఈ పిల్లకి అచ్చిరాదు."

మూడో చోటు కదా. ఆ మాటకి సుభాషిణి చెప్పులు విప్పేసి తడి నేల మీదకి దిగింది.

ముగ్గురూ నేలంతా కలయజూశారు. పొడిగా ఉన్నది ఒక్క ఈశాన్యం మూలే. జాడీలు పవిత్రం కనుక వాటి మీద చీపురు నీళ్ళు పడకూడదని మంగాయమ్మ గారు ఆ మూలను వదిలి కడిగారు.

"పెళ్ళికి పందిరంతా ఒకే రోజు వేస్తారేంటండీ? రాట పాతితే సరి" అన్నాడు ధనరాజు. "ముహూర్తానికి ఒక్క ముక్క ఆ మూల పెట్టేద్దాం. మిగతాది నేల ఆరాక."

ఆ ఒక్క ముక్కా ఏదని అందరూ అటూఇటూ చూశారు. పెట్టెలు ఇంకా విప్పలేదు. ధనరాజు జేబులో చెయ్యి పెట్టాడు.

అలా నా కోరిక తీరింది. జాడీలు తీశారు. ధనరాజు ఆ మూల రసమట్టం పెట్టి చూశాడు, సరిగ్గానే ఉంది. సుత్తి తీసి తట్టబోయాడు కూడా. సరిగ్గా అప్పుడే మంగాయమ్మ గారు పెసరట్టు ఉప్మా పళ్ళెం చేతిలో పెట్టి, "ముహూర్తం దాటిపోతోంది, చల్లారిపోతోంది" అన్నారు. ఏది దాటిపోతోందో ఏది చల్లారిపోతోందో తేల్చుకునే తీరిక ధనరాజుకి లేదు. సుత్తి పక్కన పెట్టి, ఎడం చేత్తో నన్ను ఆ మూల ఉంచాడు. కింద ఫోమ్ షీటు లేదు. తట్టి చూసిందీ లేదు.

"ఇది కదులుతోందేం?" అన్నారు మంగాయమ్మ గారు వేలితో తోసి. "ముహూర్తం పెట్టింది కదలకూడదు."

నోట్లో పెసరట్టుతో ధనరాజు కింద ఇంత గమ్ము రాసి నన్ను నొక్కేశాడు.

తర్వాత నాకు జరిగిన మర్యాద మా వంశంలో ఎవరికీ జరిగి ఉండదు. నాకు పసుపు రాశారు, కుంకుమ పెట్టారు. నెత్తి మీది బెజ్జం చూసి మంగాయమ్మ గారు, "దేవుడే పువ్వు పెట్టుకోవడానికి చేసినట్టుంది" అని అందులో మందారం గుచ్చారు. హారతిచ్చారు. నన్ను గీకిన బులిరెడ్డి గారే నాకు దణ్ణం పెట్టారు. కొబ్బరికాయ మాత్రం చప్పుడవుతుందని పెరట్లోకి తీసుకెళ్ళి కొట్టుకొచ్చారు.

నేల ఆరింది. ధనరాజు మళ్ళీ ప్లాస్టిక్ కాగితం అంటించి, ఈసారి దాని పక్కన మంగాయమ్మ గారు చదువుకునేలా 'కడగొద్దు' అని సుద్దతో రాసి, చెమ్మ లేదని రూఢి చేసుకుని ఫోమ్ పరిచాడు. పలకలు ఒకదాని గాడిలో ఒకటి దూర్చి, చెక్క పెట్టి సుత్తితో తడుతూ, నా వరకూ వచ్చి ఆగాడు. నన్ను పీకి కింద ఫోమ్ పెట్టి మామూలు పలక వెయ్యాలని అతని మనసు. చెయ్యి చాపేసరికి వెనకాలే గొంతు.

"ధనరాజూ! పూజ చేసిన ముక్క నాయనా అది."

"ఒక్క ముక్కే గదా, పోనీలెండి" అని గొణుక్కుంటూ నా చుట్టూ పలకలు కత్తిరించి అమర్చాడు. మందారం తీసి బెజ్జంలో గోధుమరంగు మైనం నింపాడు. అన్నదమ్ములందరూ మెత్తటి పరుపు మీద పడుకున్నారు. నేను మాత్రం కటిక నేల మీద, వాళ్ళకంటే ఒక వెంట్రుకవాసి పల్లంలో. అయినా నేలనయ్యాను. గర్వపడ్డాను. నా కింద బిళ్ళ గుల్లదన్న సంగతి పట్టించుకోలేదు. డోలు మీద చర్మం బిగించినట్టు నన్ను గుల్ల మీద బిగించారని అప్పుడు నాకు తోచలేదు.

విజయదశమి వచ్చింది. సుభాషిణి ఈశాన్యం మూల చిన్న పీట వేసి నటరాజ విగ్రహం పెట్టింది. సరిగ్గా నా ముందు. పిల్లలు గజ్జెలు కట్టుకుని వరసగా నిలబడ్డారు. నాట్యం మొదలుపెట్టేముందు భూమికి నమస్కారం చెయ్యాలి. 'నిన్ను కాళ్ళతో తొక్కుతున్నాం, క్షమించమ్మా' అని అడుగు వేసి, వంగి నేలను తాకి కళ్ళకద్దుకోవాలి. ఒక్కో పిల్లా దేవుడి ముందుకి వచ్చింది. దేవుడి ముందు ఉన్నది నేను.

మొదటి పిల్ల కుడికాలు నా మీద కొట్టింది.

టక్.

ఆ చప్పుడు నాదే. పైన గజ్జెల గలగలలో ఎవరికీ వినపడలేదు. కానీ కింద స్లాబులోకి మేకు దిగినట్టు దిగింది. రెండో పిల్ల. టక్. మూడో పిల్ల. టక్. ఎంత భక్తిగా క్షమాపణ అడిగితే అంత గట్టిగా టక్. నాకు చెమట పట్టినంత పనైంది. అదృష్టం బాగుండి, బులిరెడ్డి గారు అప్పటికింకా పెరట్లో చెయ్యి కడుక్కుంటున్నారు. ధనరాజేమో కింద వంటింట్లో రెండో విడత పులిహోరలో ఉన్నాడు.

తర్వాత ఆయన వచ్చి మంచం మీద పడుకున్నారు. నాకూ స్లాబుకీ మధ్య మెత్త లేదు కనుక కింది మాటలన్నీ నాకు స్పష్టంగా వినపడతాయి.

"మొదలెట్టారా?" అన్నారు బులిరెడ్డి గారు.

"ఎప్పుడో" అన్నారు మంగాయమ్మ గారు.

"ఏదీ, ఏం వినపడట్లేదే?"

"వినపడకూడదనే కదా అన్నారు. పడుకోండి."

పైన పిల్లలు గదంతా చిందులు వేస్తున్నారు. నా అన్నదమ్ములు, వాళ్ళ కింద ఫోమ్, దాని కింద ధనరాజు చదును చేసిన నేల, ముగ్గురూ కలిసి ప్రతి అడుగునూ మింగేస్తున్నారు. కాసేపటికి కింద నుంచి గురక మొదలైంది. ముందు చిన్నగా, తర్వాత మిల్లు స్టార్టు చేసినట్టు. కిటికీలోంచి పైకి తేలొచ్చింది. సుభాషిణి ఒక్క క్షణం ఆగి విన్నది. ఆవిడ మొహంలో నవ్వు నేను చూసింది అప్పుడే మొదటిసారి.

మేడ దక్కినట్టే. కానీ నా టక్ సంగతి నాకొక్కదానికే తెలుసు. నాట్యం అయ్యాక మళ్ళీ భూమికి నమస్కారం చెయ్యాలి.

అరవడానికి నాకు నోరు లేదు. ఉన్న ఒక్క బెజ్జంలోనూ మైనం కూరారు. పాట అయిపోయింది. పిల్లలు ఒక్కొక్కరే నా ముందుకి వచ్చారు. మొదటి పిల్ల గెంతి గెంతి ఉత్సాహం మీద ఉంది.

టక్!

గురక ఆగింది.

టక్! టక్!

"ఎవడ్రా అది తలుపు కొట్టేది!" అన్న కేక కింద నుంచి వచ్చింది. తర్వాత మెట్ల మీద చేతికర్ర చప్పుడు. ఆయన వెనక మంగాయమ్మ గారు, ఆవిడ వెనక పులిహోర చేత్తోనే ధనరాజు.

"అంతా బానే ఉందమ్మా" అన్నారు బులిరెడ్డి గారు గుమ్మంలో రొప్పుతూ. "బంగారంలాంటి నిద్ర పట్టింది. మధ్యలో ఆ టక్ టక్ ఏంటి? మాటంటే మాటే. నేను ముందే చెప్పాను."

పిల్లలు గజ్జెలు మోగకుండా కాళ్ళు బిగబట్టుకున్నారు. సుభాషిణి వంగి, దేవుడి ముందు ఉన్న పువ్వులు తీసి పళ్ళెంలో సర్దడం మొదలుపెట్టింది. రెండు చోట్ల ఖాళీ చేసిన చేతులవి, సర్దడం వాటికి అలవాటే.

"ఒక్క నిమిషం ఆగండమ్మా" అని ధనరాజు మోకాళ్ళ మీద కూర్చుని గదంతా వేలి కణుపులతో తట్టుకుంటూ వచ్చాడు. టప్, టప్, టప్. నా దగ్గరికి వచ్చాడు. టక్. మళ్ళీ తట్టాడు. టక్. నాకేసి చూసిన చూపు నేను జన్మలో మరిచిపోను. కన్న కొడుకు పోలీస్ స్టేషన్లో కనపడితే చూసే చూపు.

"ఇదేనండీ. ముహూర్తం ముక్క. కింద గుల్లండి. తట్టి చూడకుండా పెట్టేశాను, తప్పు నాదే. తీసి, గుల్ల నింపి, ఫోమేసి వేరే పలక వేస్తే చప్పుడుండదండి."

"తియ్యి మరి!" అన్నారు బులిరెడ్డి గారు.

ధనరాజు తియ్యలేదు. మంగాయమ్మ గారి వైపు చూశాడు. సుభాషిణీ ఆవిడ వైపే చూసింది. పిల్లలూ చూశారు. దసరా పూట, దేవుడి ముందు, హారతిచ్చిన ముక్కను ఇనప బద్దతో పెకలించమని ఏ నోటితో చెబుతారావిడ? తియ్యకపోతే మేడ మళ్ళీ మూగబోతుంది, ఆవిడ మళ్ళీ మిక్సీ పట్టుకుని జామచెట్టు కింద కూర్చోవాలి. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నాకేసి చూశారు. ఉన్నట్టుండి కొంగు దించి నడుముకి దోపారు.

"వినాయకచవితికి తొమ్మిది రోజులు పూజ చేసిన దేవుణ్ణే ఉద్వాసన చెప్పి కదుపుతాం. ఇదేమన్నా వినాయకుడికంటే పెద్దదా? అమ్మాయ్, అక్షింతలందుకో."

అక్షింతలు నా మీద పడ్డాయి. మంగాయమ్మ గారు కుడిచేత్తో నన్ను పట్టుకుని, "యథాస్థానం ప్రవేశయామి, శోభనార్థం పునరాగమనాయ చ" అంటూ మెల్లిగా ఉత్తరానికి జరపబోయారు.

నేను కదల్లేదు. పెసరట్టు నాటి గమ్ము.

ఇంకోసారి జరిపారు. ఊహూఁ.

"దేవుడికి వెళ్ళాలని లేదేమోనండి" అంది ఒక పిల్ల.

"ఇంకాస్త గట్టిగా చెప్పవే మంత్రం" అన్నారు బులిరెడ్డి గారు. ఆవిడ మళ్ళీ ఎత్తుకుని చివరికి వచ్చేసరికి ఆయన చేతికర్ర ఎత్తారు. "ఆగాగు! పునరాగమనాయ అంటే మళ్ళీ రమ్మని కదూ? ఆ మాట తీసెయ్! మళ్ళీ రమ్మంటావేంటి దీన్ని?"

ఆ మాట తీసేసి చెప్పారు. ఆవిడ చెయ్యి నా మీద ఉండగానే, ధనరాజు పక్క నుంచి పల్చటి బద్ద దూర్చి దేవుడికి సాయం పట్టాడు. 'చర్ర్' మంటూ లేచాను. నా కింద మొజాయిక్ బిళ్ళ కూడా సగం లేచి వచ్చింది. కింద బోలుగా ఉంది.

"కాలవలో కలిపేద్దాం" అన్నారు మంగాయమ్మ గారు నన్ను తమలపాకులో పెట్టి.

"కరగదండి, ప్లాస్టిక్కు. మన మనవలకి దొరుకుద్ది" అన్నాడు ధనరాజు.

"అయితే నాకిచ్చెయ్యండి పిన్నిగారూ" అంది సుభాషిణి. పిల్లల అడుగులకి ఆవిడ తాళం వేసే చెక్కపలక రెండోసారి సామాను మోసినప్పుడే చీలిపోయింది. అప్పటినుంచీ అట్టపెట్టె మీద కర్రతో కొట్టుకుంటోంది. ధనరాజు కత్తిరించి పడేసిన ఫోమ్ ముక్కల్ని మడతలు పెట్టి, వాటి మీద నన్ను ఉంచి, చిన్న కర్రతో కొట్టింది.

టక్.

"అదే! అదే చప్పుడు!" అని బులిరెడ్డి గారు దొంగ దొరికినంత సంతోషంతో అరిచారు. తర్వాత పరుగు పరుగున కిందికి వెళ్ళి మంచం మీద పడుకున్నారు. "కొట్టండి!" అని కేక వేశారు. సుభాషిణి కొట్టింది. "కొట్టరేం?" అని మళ్ళీ కేక. ఆవిడ అప్పటికి నాలుగోసారి కొడుతోంది.

ఆ సాయంత్రం ధనరాజు గుల్ల నింపాడు. దాని చుట్టూ పీటలు అడ్డం పెట్టాడు, ఎవరూ కడగకుండా. అది ఆరాక ఫోమ్ వేసి కొత్త పలక దిగ్గొట్టాడు. దిగ్గొట్టాక తట్టాడు. తట్టేదాకా మంగాయమ్మ గారు అందించిన బొబ్బట్టు ముట్టుకోలేదు. అతని జీవితంలో అదొక ఘనకార్యం.

పలక వేసిన మర్నాడు పరీక్ష మళ్ళీ పెట్టాలని బులిరెడ్డి గారే పట్టుబట్టారు. అంతటి నిద్ర ఆయనకి మిల్లు మానేశాక పట్టలేదట. భోజనం కూడా తొందరగా కానిచ్చి, "ఈవేళ డాన్సుందా లేదా?" అని మెట్ల కింద నిలబడి రెండుసార్లు అడిగారు. పిల్లలు మొదట్లో ఒకసారి, చివర్న ఒకసారి భూమికి నమస్కారం చేశారు. భూమి క్షమించింది. కింద మంచం కదల్లేదు. సాయంత్రం మంగాయమ్మ గారు మిక్సీ వంటింట్లోనే వేశారు. ఆయన లేచి అడిగితే, "పైన పిల్లలేమో" అన్నారట.

ఇప్పుడు నేను మేడ మీద గోడ మేకుకి ఉంటాను. నెత్తి మీది బెజ్జంలో మైనం తీసేసి దారం కట్టి వేలాడదీశారు. నేల కావాలని పుట్టెడు కోరికతో బతికినదాన్ని, చివరికి గోడకి ఎక్కాను. నాకేం బాధ లేదు. ఈ గది నిండా నా అన్నదమ్ములున్నారు, ఒక్కరికీ నోరు విప్పే వీల్లేదు. అంత ఖర్చుపెట్టి వాళ్ళందర్నీ మూగవాళ్ళను చేశారు. చప్పుడు చేసే హక్కు ఈ గదిలో నా ఒక్కదానిదే. రోజూ క్లాసుకి ముందు సుభాషిణి నన్ను దించి కళ్ళకద్దుకుంటుంది. నన్ను చేతిలోకి తీసుకుని గోరుతో గీకని మనిషి నాకు తెలిసినంతలో ఆవిడే.

ఒక్కటే చిక్కు. మధ్యాహ్నం క్లాసు మొదలవగానే కింద నుంచి బులిరెడ్డి గారి గురక కిటికీలోంచి పైకి వస్తుంది. నెమ్మదిగా మొదటి కాలంలో మొదలై, వేగంగా రెండో కాలం అందుకుని, మధ్యలో ఎక్కడో తాళం తప్పుతుంది. ఆయన తప్పితే పిల్లలు కూడా అడుగు తప్పి, ఒకరి మొహం ఒకరు చూసుకుని కిసుక్కుమంటారు. ఆయన నిద్రకి మా చప్పుడు తగలకుండా ఫోమ్ వేశారు, గుల్లలు నింపారు, దేవుడికి ఉద్వాసన చెప్పారు. మా పాఠానికి ఆయన గురక తగలకుండా ఎవరైనా ఏమైనా వేశారా?

సుభాషిణి మాత్రం ఏమీ అనదు. కర్ర కాస్త పైకెత్తి, నన్ను ఇంకాస్త గట్టిగా కొడుతుంది.